మూడో బిడ్డ తల్లి



తొలి క్రైస్తవ సంఘంలో ఒక గొడవ వచ్చింది. రోజూ పంచే భోజనంలో తమ విధవరాండ్రను పట్టించుకోవడంలేదని గ్రీకు భాష మాట్లాడేవారు సణిగారు. పన్నిద్దరు అపోస్తలులు తలుపులు వేసుకుని తీర్పు చెప్పలేదు. అందరినీ పిలిచి, మీలోనుండి ఏడుగురిని మీరే ఎన్నుకోండి అన్నారు (అ.కా. 6:1-6). ఆ ఏడుగురి పేర్లు చూడండి, అన్నీ గ్రీకు పేర్లే! ఫిర్యాదు చేసినవారి చేతికే గరిటె అందింది.

మన పల్లెలకూ అలాంటి సంస్కరణ ఒకటి వచ్చింది. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు గుర్తింపునిచ్చింది. మూడోవంతు స్థానాలు స్త్రీలకు కేటాయించింది. దాన్ని అనుసరించి 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. స్త్రీలకు తలుపు తెరిచిన ఆ చట్టమే, 1995 మే తర్వాత మూడో బిడ్డను కన్నవారు పోటీకి అనర్హులని గడియ కూడా పెట్టింది. ఎం.ఎల్.ఎ.కు, ఎం.పి.కి మాత్రం ఈ లెక్క లేదు!

నాకు తెలిసిన ఒక తల్లి ఉంది. 2006 ఎన్నికల్లో వారి ఊరి సర్పంచి పదవి స్త్రీలకు వచ్చింది. పొదుపు సంఘం లెక్కలు పైసా తేడా లేకుండా చూసే మనిషి గనుక, పేటంతా ఆమెనే నిలబడమన్నది. కాని ఆమె మూడో కూతురు 1997లో పుట్టింది. నామినేషను వేయలేకపోయింది. వేరొకామె గెలిచింది, సంతకం ఆమెది, కుర్చీ భర్తది.

జనాభా అదుపు మంచి ఉద్దేశమే కావచ్చు. హర్యానాలోని ఇలాంటి నిబంధనను 2003లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. అయినా అడుగుతాను, మూడో కాన్పు కావాలో వద్దో చెప్పే స్వేచ్ఛ మన పల్లెల్లో ఎందరు కోడళ్లకు ఉంది? మగపిల్లవాడు కావాలని పట్టుబట్టింది అత్తమామలు. పదవికి దూరమైంది ఆమె.

2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను తీసివేసింది, జననాలు తగ్గిపోతున్నాయని. అప్పుడు బిడ్డలు ఎక్కువ, ఇప్పుడు తక్కువ! ఆ తల్లి పోగొట్టుకున్న అవకాశం సంగతి ఎవరూ ఎత్తలేదు.

గడియ తీశారు సరే, లోపలికి వెళ్లేదెవరు? ఆదివారం పూజకు వచ్చే మనలో గ్రామసభకు వెళ్లేవారు ఎందరు? దండోరా విని కూడా, అది మన పని కాదని పొలం వెళ్లిపోతాం.

ఆ తల్లికిప్పుడు యాభై దాటాయి. ఈసారి నిలబడతావా అమ్మా అంటే, “ఓపిక ఎక్కడిది ఫాదర్” అని నవ్వింది. మొన్న గ్రామసభకు మాత్రం మూడో కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లింది. పేటలో ఇద్దరికి వితంతు పింఛను ఎందుకు ఆగిందని లేచి అడిగింది ఆ కూతురే.