ప్రతీకారానికి హద్దు ఎక్కడ?

అలెగ్జాండర్ డ్యూమా నవల ‘ది కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో’ 1844-46 మధ్య పారిస్ పత్రికలో ధారావాహికగా వెలువడింది. సాహసగాథగానే మనలో చాలామంది దాన్ని చదివి ఉంటాం. ఇప్పుడు మళ్ళీ తెరిస్తే ఒక బాలుని శవం దగ్గర మన చూపు ఆగిపోతుంది.

ఎడ్మండ్ డాంటెస్ నిరపరాధి. అసూయాపరుల కుట్ర వల్ల, తన తండ్రి పేరు బయటపడకూడదనుకున్న విల్‌ఫోర్ అనే న్యాయాధికారి స్వార్థం వల్ల మార్సెయ్ సమీపంలోని ద్వీప కారాగారంలో 14 ఏళ్ళు మగ్గాడు. అతని కోపం న్యాయమైనదే, ఇందులో మనకు సందేహం లేదు. కానీ బయటికొచ్చాక తనను తాను దైవం పంపిన దండనగా భావించుకుంటాడు. విల్‌ఫోర్ భార్యకు విషాల గుణాలు వివరిస్తాడు, అంతే! ఆమె ఇంట్లోవారిని ఒక్కొక్కరినే చంపుతుంది. గుట్టు రట్టయ్యాక కొడుకు ఎడ్వర్డ్‌కు విషమిచ్చి తానూ మరణిస్తుంది. విల్‌ఫోర్‌కు మతి చలిస్తుంది.

ఆ పసివాడు చేసిన నేరమేమిటి? దివ్య ఖుర్ఆన్ హతుని వారసునికి హక్కు ఇస్తూనే హద్దు మీరవద్దని హెచ్చరించింది (బనీ ఇస్రాయీల్: 33). ఒకరి పాపభారం మరొకరు మోయరన్న మాట కూడా అదే సూరాలో ఉంది. గాయపడినవాడే తీర్పరి అయితే ఈ రెండూ అతని కంటికి ఆనవు.

డాంటెస్ ఆ బాలుణ్ణి బతికించాలని చూసి విఫలుడవుతాడు. దైవం తన పక్షాన ఉన్నాడని ఇక చెప్పుకోలేకపోతాడు. చివరి శత్రువు డాంగ్లార్‌ను ఆకలితో మాడ్చినా, ప్రాణాలతో వదిలేస్తాడు. బయటపడేసరికి డాంగ్లార్ జుట్టు తెల్లబడి ఉంటుంది.