దేశధర్మం – ఆయుధధారణ: రాష్ట్ర సరిహద్దు దాటే లైసెన్సు తుపాకిపై ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

ఆయుధాన్ని కలిగి ఉండటం, దానిని వెంటబెట్టుకొని తిరగటం ఒకటే పని కాదు. 1959 నాటి భారత ఆయుధ చట్టం 3వ సెక్షన్ సంపాదించడం, కలిగి ఉండటం, వెంట తీసుకుపోవడం అని మూడు చర్యలను విడివిడిగా పేర్కొని, మూడింటికీ లైసెన్సును తప్పనిసరి చేసింది. ఆ లైసెన్సు కూడా పత్రంలో పేర్కొన్న ప్రాంతానికే చెల్లుతుంది. రాష్ట్రం దాటి తీసుకుపోవాలంటే చెల్లుబాటు ప్రాంతాన్ని విస్తరింపజేసుకోవాలి. చట్టబద్ధంగా తన సొంతమైన తుపాకిని మనిషి తాను వెళ్లిన చోటికల్లా తీసుకువెళ్లే నైతికాధికారం కలిగి ఉంటాడా? సరిహద్దు దగ్గర అతణ్ణి ఆపే నియమం కేవలం పరిపాలనా సౌలభ్యమా, లేక దానికి ధర్మమూలం ఏదైనా ఉందా? ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్నలివి.

భయానికి ఉన్న వాస్తవికత

ఈ ప్రశ్నకు తెలుగు నేలపై తగిన సందర్భం హైదరాబాదులోని శ్రీనగర్ కాలనీ, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతం. నిర్మాణ సంస్థల కార్యాలయాలు, స్టూడియోలు, నటుల నివాసాలు ఇక్కడే ఉన్నాయి. ఇక్కడివారి వృత్తి మాత్రం ఒకచోట నిలిచేది కాదు. చిత్రీకరణ కోసం చెన్నైకి, బెంగళూరుకు, గోదావరి తీరానికి ప్రయాణాలు తప్పవు. ధనమూ ప్రసిద్ధీ ఉన్నచోట భయం కూడా ఉంటుంది. ఆ భయాన్ని కల్పితమని కొట్టిపారేయలేము. 1997 నవంబరు 19న ‘శ్రీరాములయ్య’ చిత్ర ప్రారంభోత్సవ సందర్భంగా పరిటాల రవి లక్ష్యంగా జూబ్లీహిల్స్‌లో జరిగిన కారుబాంబు పేలుడులో 26 మంది మరణించారు. అనంతపురం జిల్లా కక్షలు ఎన్ని జిల్లాలు దాటి రాగలవో ఆ రోజు రాజధాని చూసింది.

అదే ప్రాంతం రెండో సత్యాన్ని కూడా చూసింది. 2004 జూన్ 3న జూబ్లీహిల్స్‌లో ఒక ప్రసిద్ధ నటుని నివాసంలో కాల్పులు జరిగి ఇద్దరు గాయపడ్డారు. మొదటి ఘటన ఆత్మరక్షణ చింతకు కారణాన్ని చూపితే, రెండవది నాలుగు గోడల నడుమ కూడా తుపాకి ఎంత ప్రమాదకరమో చూపింది. భయం నిజమైనదే కావచ్చు. కాని భయపడే మనిషి చేతిలోని ఆయుధం ఇతరులకు కలిగించే ప్రమాదం కూడా అంతే నిజం. నైతిక విచారణ ఈ రెండింటినీ ఒకే త్రాసులో తూచవలసి ఉంటుంది.

సీత లేవనెత్తిన ప్రశ్న

ఈ త్రాసును వాల్మీకి రామాయణం అరణ్యకాండంలో సీత ముందే పట్టుకొంది. దండకారణ్యంలోకి సాయుధుడై ప్రవేశిస్తున్న రామునికి ఆమె ఒక కథ చెబుతుంది. ఇంద్రుడు యోధుని వేషంలో ఒక తపస్వి ఆశ్రమానికి వచ్చి తన ఖడ్గాన్ని అతని వద్ద న్యాసంగా ఉంచి వెళ్తాడు. అప్పగించిన వస్తువును కాపాడాలన్న శ్రద్ధతో, కందమూలాల కోసం అడవికి వెళ్లినప్పుడు కూడా ఆ తపస్వి ఖడ్గాన్ని విడిచిపెట్టడు. నిత్యం దానిని మోయటం వల్ల క్రమంగా అతని బుద్ధి క్రూరమై, తపస్సు నశించి, అతడు నరకం పాలవుతాడు.

ఈ కథలో తపస్వి దొంగ కాడు. ఖడ్గం అతని వద్దకు సక్రమంగానే వచ్చింది. దానిని జాగ్రత్తగా కాపాడటమే అతని ఉద్దేశం. అయినా పతనం తప్పలేదు. ఆయుధం వచ్చిన మార్గం సక్రమమైనంత మాత్రాన దానిని మోసే అలవాటు నిర్దోషం కాదని సీత సూచన. ఆపైన ఆమె మరొక మాట అంటుంది. ఆయుధమెక్కడ, వనమెక్కడ అని ప్రశ్నించి, అడుగుపెట్టిన చోటి ధర్మాన్ని, అంటే దేశధర్మాన్ని, మన్నించాలని, క్షాత్రధర్మాన్ని తిరిగి అయోధ్యకు చేరాక ఆచరించవచ్చని చెబుతుంది. రాజ్యపు ఎల్ల దాటిన ఆయుధం గురించి ఇంత సూక్ష్మమైన విచారణ అరుదు.

రాముని సమాధానం కూడా తేలికైనది కాదు. ఆర్తుల మొర వినబడకుండా చేయటానికే క్షత్రియుడు విల్లు ధరిస్తాడని, దండకలోని మునులే తనను శరణు వేడారని, వారికి మాట ఇచ్చానని అతడంటాడు. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. రాముడు అయోధ్యలో తనకున్న అధికారంపై మాత్రమే ఆధారపడలేదు. ఆ అడవిలో నివసించేవారు కోరారన్నది అతని సమర్థనలో కీలకం. అంటే సీతారాముల మధ్య విభేదం ఉన్నప్పటికీ ఒక సూత్రం ఇద్దరికీ సమ్మతమే: ఆయుధానికి సమర్థన బయలుదేరిన చోట కాక, చేరిన చోట దొరకాలి.

చట్టం గీసిన హద్దు

ఆధునిక లైసెన్సును ఈ సూత్రం వెలుగులో చూడవచ్చు. హైదరాబాదు నగరంలో లైసెన్సు ఇచ్చేది పోలీసు కమిషనరు. దరఖాస్తుదారుని నడవడిని, అతని అవసరాన్ని విచారించి ఇచ్చే ఆ అనుమతి నిజానికి ఒక న్యాసం. ఒక సమాజం ఒక వ్యక్తిపై ఉంచిన నమ్మకానికి అది లిఖితరూపం. 65వ జాతీయ రహదారిపై కోదాడ దాటి గరికపాడు చెక్‌పోస్టు చేరిన క్షణాన, ఆ నమ్మకం ఉంచిన వ్యవస్థ వెనుకబడిపోతుంది. జగ్గయ్యపేటలో హోటలు బల్ల దగ్గర పక్కన కూర్చున్నవారికి అతని నడుముకు తుపాకి ఉన్నదన్న సంగతి తెలియదు. వారి తరఫున విచారించవలసిన అధికారికీ తెలియదు. ప్రమాదంలో భాగం పంచుకొనేవారు సమ్మతిలో పాలుపంచుకోలేదు. దోషం ఉన్నది అక్కడే.

ఇందుకు బలమైన ఆక్షేపణ ఒకటుంది. 2014 జూన్ 1న హైదరాబాదు నుండి విజయవాడ ప్రయాణం ఒకే రాష్ట్రంలోని ప్రయాణం. మరునాటి నుండి అది రాష్ట్రాంతర ప్రయాణం. మనుషులు, భాష, రహదారి ఏవీ మారలేదు. ఒక్క రాత్రిలో పుట్టిన గీతకు నైతిక బలం ఎక్కడిది? గీత ఎక్కడ పడాలన్నది చారిత్రక యాదృచ్ఛికమే కావచ్చు. కాని జవాబుదారీతనం యాదృచ్ఛికం కాదు. ఈ ఆయుధం ఎవరి రికార్డులో ఉంది, దుర్వినియోగమైతే ఎవరు లాక్కోగలరు, ఎవరికి సంజాయిషీ చెప్పాలి అన్న ప్రశ్నలకు సమాధానం మారే స్థలాన్ని ఆ గీత సూచిస్తుంది. అది అన్నదమ్ముల పొలాల మధ్య గట్టు వంటిది. రక్తసంబంధం మారకపోయినా, గట్టు దాటినవాడు అడిగి దాటాలి.

ఆయుధధారణను 1791 నాటి రాజ్యాంగ సవరణ ద్వారా హక్కుగా గుర్తించిన అమెరికాలోనూ ఈ వివేకం కనిపిస్తుంది. రాష్ట్రాల గుండా తుపాకిని తీసుకుపోయేవారికి 1986 నాటి సమాఖ్య చట్టం రక్షణ కల్పించింది. కాని తుపాకిలో తూటాలుండరాదు. అది ప్రయాణికుని చేతికి అందేచోట ఉండరాదు. టెక్సాస్‌లో, న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగువారికి ఈ రెండు రాష్ట్రాల నియమాల మధ్య దూరం అనుభవమే. హక్కు ఉన్నచోటే ఇంత సంయమనం అవసరమైతే, ఆయుధధారణ ప్రాథమిక హక్కు కాని భారతదేశంలో అది మరింత అవసరం.

ముగింపు

రహదారిపై ప్రమాదం గరికపాడు దగ్గర ఆగిపోదన్నది నిజం. అందుకే చట్టం దారి మూయలేదు. ప్రాంత విస్తరణకు దరఖాస్తు చేసే అవకాశాన్ని ఉంచింది. అడగవలసిన భారం సాయుధునిపైనే పడటం అన్యాయం కాదు. నిరాయుధులు తమకు తెలియకుండానే ప్రమాదాన్ని మోస్తారు గనుక, తెలిసినవాడే ముందు నోరు విప్పాలి. ప్రసిద్ధికీ పలుకుబడికీ లొంగి విచారణ లేకుండా ఇచ్చే దేశవ్యాప్త అనుమతి చట్టం దృష్టిలో చెల్లవచ్చు. కాని చేరిన చోటివారి తరఫున ఎవరూ ఆలోచించకుండా ఇచ్చినందువల్ల, అది సీత ప్రశ్నకు సమాధానం కాజాలదు.