కళ్ళెక్కడ పోయాయో వాళ్ళకెందుకు?

2018లో మా బావ కోసం ఒక ఉద్యోగ దరఖాస్తు ఉత్తరం రాశాను. అప్పటికి నా పీహెచ్‌డీ సగంలో ఉంది. ఇంట్లో ఇంగ్లీషు ఉత్తరాలు, బ్యాంకు ఫారాలు, అఫిడవిట్లు అన్నీ నా వంతే. బావది తాడేపల్లిగూడెం దగ్గర, మిలటరీ మాధవరానికి పక్క ఊరు. ఇంటర్ అవగానే సైన్యంలో చేరాడు. 2014లో నియంత్రణ రేఖ దగ్గర మందుపాతర పేలి రెండు కళ్ళూ పోయాయి. ఆసుపత్రులన్నీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక శిక్షణ కేంద్రంలో చేరి, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో కంప్యూటర్ నేర్చుకున్నాడు.

ఆ ఉత్తరాన్ని నేను మందుపాతరతోనే మొదలుపెట్టాను. సాహిత్యం చదువుకున్నదాన్ని కదా, ఎక్కడ మొదలుపెడితే చదివేవాళ్ళ మనసు కదులుతుందో నాకు తెలుసు. అక్క దాన్ని పైకి చదివింది. బావ చివరిదాకా విని, "అమ్మాయ్, ఆ మొదటి పేరా తీసెయ్. ఎక్సెల్ వచ్చని రాయి. స్క్రీన్ రీడర్‌తో పని చేస్తానని రాయి. కళ్ళెక్కడ పోయాయో వాళ్ళకెందుకు?" అన్నాడు.

తీసేశాను. ఆరు కంపెనీలకు పంపాం. ఒక్క జవాబూ రాలేదు. ఏడో కంపెనీకి పంపేటప్పుడు బావకి చెప్పకుండా ఆ పేరా మళ్ళీ పెట్టాను. మూడో రోజున ఫోన్ వచ్చింది. ఉద్యోగమూ వచ్చింది.

నేను అబద్ధం రాయలేదు. జరిగిందే రాశాను. అయినా ఇన్నేళ్ళుగా ఆ పేరా నన్ను వదలడం లేదు. మొదటి ఆరు కంపెనీలకు వెళ్ళింది చూపులేని ఒక ఉద్యోగార్థి దరఖాస్తు. ఏడో కంపెనీకి వెళ్ళింది ఒక వీరుడి కథ. మనిషి అతనే, వచ్చిన పని అదే. మారింది గాయానికి ఉన్న కారణం ఒక్కటే. అంటే చూపులేని మనిషికి పనిచేసే అర్హత తనంతట తనకు లేదా? దేశం కోసం పోగొట్టుకుని ఉంటేనే వస్తుందా?

ఈ ప్రశ్నకి చరిత్ర ఉంది. పుణె దగ్గర ఖడ్కీలో ఉన్న క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ 1917లో, మొదటి ప్రపంచ యుద్ధంలో వికలాంగులైన భారతీయ సైనికులకు పని నేర్పడానికి పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1943లో డెహ్రాడూన్‌లో సెయింట్ డన్‌స్టన్స్ అనే కేంద్రం పెట్టారు. దాన్ని నడిపిన క్లూతా మెకెంజీ 1915లో గలిపోలి యుద్ధంలో కళ్ళు పోగొట్టుకున్న న్యూజీలాండ్ సైనికుడు. బ్రిటన్‌లో 1935లో వచ్చిన 'మాట్లాడే పుస్తకాల' వెనక నిలిచిన ఇయాన్ ఫ్రేజర్ కూడా సోమ్ యుద్ధంలో చూపు పోయినవాడే. చూపులేనివాళ్ళ చదువుకీ పనికీ పనికొచ్చే సాధనాల మీద ప్రభుత్వాలూ దాతలూ డబ్బు పెట్టడానికి యుద్ధాలు పెద్ద కారణమయ్యాయి. అంతకు ముందు చూపులేనివాళ్ళు లేరని కాదు. వాళ్ళకి ఎవరూ బాకీ పడలేదు, అంతే.

డెహ్రాడూన్ కేంద్రాన్ని 1950లో ప్రభుత్వం తీసుకుని వయోజన అంధుల శిక్షణ కేంద్రంగా మార్చింది. అప్పుడు సైనికులు కాని మగవాళ్ళకు చోటు దొరికింది. ఆడవాళ్ళ విభాగం వచ్చింది 1957లో. ముందు సైనికుడు, తర్వాత మామూలు మగవాడు, ఆ తర్వాత ఆడది. ఈ వరసని ఎవరో కుట్ర పన్ని పెట్టారని నేననను. బాకీ తీర్చుకోవడంగా మొదలైన పని ఆ బాకీ లేనివాళ్ళ దగ్గరికి నెమ్మదిగా నడుస్తుంది. అందులోనూ ఇల్లే పని అనుకునే ఆడవాళ్ళ దగ్గరికి మరీ నెమ్మదిగా.

బాకీకి ఇంకో గుణం ఉంది. అది కొలతలు అడుగుతుంది. సైనికుడి వికలాంగ పెన్షన్ విషయంలో ఆ వైకల్యం సైనిక సేవ వల్ల వచ్చిందా, సేవ వల్ల ముదిరిందా అన్నది తేలాలి. దీని మీద ఎన్ని కేసులు నడిచాయో. చేరేటప్పుడు వైద్య పరీక్షలో లేని జబ్బు తర్వాత కనబడితే అది సేవ వల్ల వచ్చినట్టే భావించాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. సైనిక అకాడమీల్లో శిక్షణలోనే గాయపడి, ఆఫీసర్ కాకముందే ఇంటికి పంపబడ్డ క్యాడెట్ల సంగతి చూడండి. వాళ్ళు మాజీ సైనికుల లెక్కలోకి రాలేదు. వాళ్ళకి దక్కింది పెన్షన్ కాదు, ఎక్స్‌గ్రేషియా, అంటే దయతో ఇచ్చేది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానుగా ఈ విషయాన్ని విచారణకు తీసుకుంది. నేషనల్ డిఫెన్స్ అకాడమీలో 2022 నుంచి అమ్మాయిలు కూడా చేరుతున్నారు కాబట్టి ఇది ఇక మన అమ్మాయిల ప్రశ్న కూడా. వెన్నెముక విరగడానికి శిక్షణ మైదానమైనా సరిహద్దయినా ఒకటే. బాకీ పుస్తకంలో మాత్రం అవి ఒకటి కావు.

త్యాగానికి మెచ్చుకోలు ఎలా పనిచేస్తుందో ఆడవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. త్యాగమయి అన్న బిరుదు కింద మన అమ్మమ్మలు, అమ్మలు ఎంత చాకిరీ చేశారో మన పత్రికలు ఎన్నో ఏళ్ళుగా రాస్తున్నాయి. బిరుదు ఇచ్చినవాడు ఇక జీతం ఇవ్వక్కర్లేదు. బిరుదు పుచ్చుకున్నవాళ్ళు నోరెత్తకూడదు. ఎత్తితే బిరుదు పోతుంది. మగవాడికి 'వీరుడు' అన్న బిరుదు కూడా చివరికి అదే పని చేస్తుందని నేను బావ ఉద్యోగంలో చూశాను.

చేరిన మొదటి ఏడాది జనవరి 26న ఆ కంపెనీలో బావని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. మందుపాతర కథ మైకులో చదివారు. ఇంటికొచ్చి, "వాళ్ళకెలా తెలిసింది?" అని అడిగాడు. "బయోడేటాలో మీ సర్వీసు వివరాలున్నాయిగా బావా" అన్నాను. అది మాత్రం అబద్ధమే. శాలువా కప్పిన ఆ కంపెనీలోనే బావ వాడాల్సిన సాఫ్ట్‌వేర్‌లో సగం బటన్లకు పేర్లు లేవు. స్క్రీన్ రీడర్ వాటి దగ్గరికొచ్చి 'బటన్, బటన్, బటన్' అంటుంది తప్ప ఏ బటనో చెప్పదు. పంపే కాగితాలు స్కాన్ చేసిన బొమ్మలు, వాటిలో అక్షరాలు దానికి కనబడవు. పేర్లు పెట్టించమని అడగండి అంటే బావ, "ఇంత గౌరవం చేశాక ఏమని అడగను?" అన్నాడు. యుద్ధంలో వెనకడుగు వేయని మనిషి ఒక బటన్‌కి పేరు పెట్టమని అడగడానికి మొహమాటపడ్డాడు. ఆ మొహమాటంలో నా పేరాకి వాటా ఉంది.

ఇక అక్క. బావ నేర్చుకున్న కంప్యూటర్ సగం అక్క నేర్పిందే. శిక్షణ కేంద్రంలో రోజుకి రెండు గంటలు. మిగతా సాధన ఇంట్లో. డిగ్రీ మధ్యలో ఆపేసిన అక్క, పిల్లలు పడుకున్నాక కళ్ళకి తువ్వాలు కట్టుకుని కీబోర్డు ముందు కూర్చునేది. 'ఎఫ్', 'జె' మీటల మీద చిన్న గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయనీ, వేళ్ళు అక్కడినుంచే మొదలవ్వాలనీ అప్పుడే నాకు తెలిసింది. మౌస్ లేకుండా ఎక్సెల్ గళ్ళలో ఎలా తిరగాలో, స్క్రీన్ రీడర్ వేగంగా మాట్లాడే ఇంగ్లీషుని చెవి ఎలా పట్టుకోవాలో ముందు తను నేర్చుకుని పొద్దున్నే బావకి చెప్పేది. ఆఫీసునుంచి బావ ఫోన్ చేసి "ఇక్కడ ఆగిపోయింది" అంటే కుక్కర్ కట్టేసి, అవతల ఏం వినిపిస్తోందో విని దారి చెప్పేది. సాఫ్ట్‌వేర్ చూపులేనివాళ్ళకి పనికొస్తుందో లేదో పరీక్షించడానికి ఇప్పుడు కంపెనీలు జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంటున్నాయి. అక్క ఆ పని వంటింట్లోంచి ఏళ్ళ తరబడి చేసింది. సర్టిఫికెట్ బావ పేరున ఉంది. నూరు శాతం వైకల్యం ఉన్న సైనికుడికి మనిషి సాయం కోసమని ఇచ్చే భత్యం ఒకటుంది. అదీ పెన్షన్‌దారు పేరునే వస్తుంది. సన్మానం రోజున అక్కకి ఒక పూలగుత్తి ఇచ్చి, ఆవిడ త్యాగం కూడా గొప్పదన్నారు. అక్క ఆ మాట నాకు చెబుతూ నవ్వింది. "త్యాగమేంటే, నాకు ఎక్సెల్ వచ్చు" అంది.

ఇద్దరూ ఒకే మాట అన్నారని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

అయితే ఒక ఎదురు ప్రశ్నని తప్పించుకోలేను. ఆ పేరా లేకపోతే ఉద్యోగం రాలేదు కదా? ఆకలిగా ఉన్న ఇంట్లో ఆత్మగౌరవం గురించి వ్యాసాలు రాయడం సుళువు. పెన్షన్ ఉంది కాబట్టి మాది ఆకలి కాదు, కానీ రోజంతా కుర్చీలో కూర్చుని రేడియో వినే ముప్పయ్యేళ్ళ మనిషి నిశ్శబ్దం ఎలా ఉంటుందో చూశాను. అందుకే ఆ పేరా పెట్టాను. రేపు అలాంటి పరిస్థితే వస్తే మళ్ళీ పెట్టనని ప్రమాణం చేయలేను. సైనికుల కోసం ఉన్న ప్రత్యేక శిక్షణలు, రిజర్వేషన్లు తీసేయాలని కూడా నేననడం లేదు. మనిషిని మృత్యువు ముందుకి పంపిన రాజ్యానికి బాకీ ఉంది. పెన్షన్, వైద్యం, మళ్ళీ చదువు, ఇవి ఆ బాకీ. వాటిని పైసాతో సహా తీర్చాలి. కానీ ఆఫీసు మెట్ల పక్కన ఏటవాలు దారి, పేరున్న బటన్, అక్షరాలు చదవగలిగే ఫైలు, ఒక దరఖాస్తుకి మర్యాదగా ఒక జవాబు, ఇవి ఎవరి త్యాగానికీ ప్రతిఫలం కాదు. పొయ్యి పేలి కళ్ళు పోయిన ఆవిడకీ, పుట్టుకతోనే చూపులేని అమ్మాయికీ, మా బావకీ అవి సమానంగా చెందాలి.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ మాటకి దగ్గరగా వచ్చింది. అయితే అందులోని నాలుగు శాతం రిజర్వేషన్ ప్రభుత్వ ఉద్యోగాలకే. ప్రైవేటు సంస్థలు సమాన అవకాశాల విధానం ప్రకటించాలని మాత్రం అంటుంది. ఇంకా స్పష్టమైన మాట 2025 ఏప్రిల్ 30న వచ్చింది. బ్యాంకు పనికి కెమెరా ముందు కళ్ళు ఆర్పి చూపించమంటే, యాసిడ్ దాడిలో కళ్ళు దెబ్బతిన్నవాళ్ళు ఏం చేయాలి? ఆ దాడిని ఎదుర్కొని నిలబడ్డ ప్రజ్ఞా ప్రసూన్ వేసిన కేసులో, డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. ఒక స్త్రీ ముఖం మీద మగ అహంకారం చేసిన గాయం అది. ఏ జెండా కిందా జరగలేదు, ఏ శాలువా దానికి లేదు. బాకీ పుస్తకంలో చోటులేని ఆ గాయం నుంచే సైనికుడికి కూడా పనికొచ్చే హక్కు వచ్చింది. డెహ్రాడూన్‌లో సైనికుడి వెనక పద్నాలుగేళ్ళకి ఆడవాళ్ళు లోపలికి వచ్చారు. ఇక్కడ ఆడమనిషి వెనక సైనికుడూ రావచ్చు.

బావ ఆ కంపెనీలో నాలుగేళ్ళు చేసి మానేశాడు. ఇప్పుడు వేరేచోట పని చేస్తున్నాడు. ఆ దరఖాస్తు తనే రాసుకున్నాడు, నన్ను అడగలేదు. అందులో మొదటి పేరా ఏముందో నాకు తెలియదు. అక్క మాత్రం ఆగిపోయిన డిగ్రీకి మళ్ళీ ఫీజు కట్టింది.

ఈ వ్యాసం యూనికోడ్‌లో టైపు చేశాను, స్క్రీన్ రీడర్ తెలుగులో చదవగలిగేలా. పత్రికకి పంపేముందు ఈ ఫైలు బావకి పంపుతున్నాను. 2018లో ఏడో ఉత్తరంలో ఏం చేశానో ఆయన ఇందులోనే మొదటిసారి వింటాడు. ఏ పేరా తీసెయ్యమంటాడో చూడాలి.