మసక చిత్రము

బెంగుళూరు నగరమున చైత్ర పూర్ణిమనాటి రాత్రి ధర్మరాయస్వామి గుడినుండి కరగ బయలువెడలును. మల్లెలు కప్పిన కరగమును శిరమున దాల్చి, చేతితో ముట్టకయే, స్త్రీవేషధారియైన పూజారి వడివడిగా నడచును. వెంట వీరకుమారులు కత్తులు దూసి నడతురు. తరతరాలుగా ఈ ఊర నివసించు మన తెలుగు కుటుంబములవారును ఆ వీధులలో నిలిచి చూచువారే. ఆ నడిరేయి చేత కెమెరా పట్టినవాని చిక్కును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

50 మిల్లీమీటర్ల కటకమును చేతబట్టి తీయునపుడు 1/50 సెకండుకన్న ఎక్కువసేపు తెరచి ఉంచరాదని పాత సూత్రము. వీధిదీపాల వెలుగున ఆ కొద్దిసేపు చాలదు. 1/8 సెకండు తెరచినచో చేయి వణకును; చేయి వణకకున్నను పూజారి నిలువడు. గ్రాహకశక్తిని హెచ్చించినచో పటమంతయు ఇసుక చల్లినట్లుండును. కటకద్వారమును పూర్తిగా తెరచినచో ముఖము తేటపడిన చోట వెనుకనున్నవి చెదరును. ఏ దారిన పోయినను సుంకము చెల్లింపక తప్పదు.

ఫ్లాషు వెలిగింపరాదా యందురు. దాని కాంతి కొలది గజములే పోవును; ముందువారి వీపులు తెల్లబారును, వెనుకవీధి నల్లబడును. ఏ వెలుగును చూడవచ్చితిమో అదియే పటమున నుండదు. తలపై కరగమున్నవాని కన్నులలో మెరుపు కొట్టుట మర్యాదయా యన్నది వేరు ప్రశ్న. మా దృష్టిలో అదియే మొదటి ప్రశ్న.

నేటి సెల్‌ఫోనులు వెంటవెంట పెక్కు పటములు తీసి, ఒకటిగా కూర్చి, నునుపు చేయును. ఆ నునుపులో ఒక్కొక్కప్పుడు పూలరేకులును, ముఖపు ముడుతలును చెరిగిపోవును. మసక పటమైనను, చీకటిగా నుండెననియు, ఆయన ఆగలేదనియు చెప్పుచున్నది గదా! 1944 జూన్ 6న నార్మండీ తీరమున రాబర్ట్ కాపా తీసిన చిత్రములు కదిలి మసకబారినవి. 1947లో వెలువడిన తన యుద్ధస్మృతులకు ఆయన ‘కొంచెము మసక’ యను అర్థము వచ్చు పేరే పెట్టెను.

అట్లని అజాగ్రత్తకు మేము వకాల్తా పుచ్చుకొనుట లేదు. గోడకానుకొని, ఊపిరి బిగబట్టి, మూడునాలుగు మారులు తీసిన పిమ్మట మిగిలిన మసక వేరు. నిర్లక్ష్యపు మసక వేరు. కావలెనని కెమెరాను ఊపి కళయనువారి జోలికి పోము.

మాకు దిగులు కలిగించునది మరియొకటి. ఇండ్లలో సంధ్యాదీపము ముందు కూర్చున్న అమ్మమ్మగారి పటములు మసకగా నున్నవని పిల్లలు చెరిపివేయుచున్నారు. ఫోనులో చోటు చాలదట! చెరుపుటకు ముందు, అందు కూర్చున్నదెవరో పోల్చగల పెద్దలు ఇంట నున్నారేమో పిలిచి ఒకమారు చూపవలెను.