వాకిట్లో ఆరో సూన

గృహస్థు ఇంట్లో ఐదు చోట్ల రోజూ ప్రాణిహింస జరుగుతుందని మనుస్మృతి మూడో అధ్యాయం చెబుతుంది. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ. ఇవే పంచసూనలు, అంటే ఐదు వధ్యస్థానాలు. వంట చేసేవాళ్లూ ఇల్లు ఊడ్చేవాళ్లూ దేన్నీ చంపాలనుకోరు. అయినా నిప్పులోనో చీపురు కిందో చీమో పురుగో పోతూనే ఉంటుంది. మనుస్మృతిలో తోసిపుచ్చవలసిన మాటలు చాలానే ఉన్నాయి గానీ, ఈ ఒక్క చోట అది గృహస్థుతో నిజాయితీగా మాట్లాడింది. పొయ్యి మానెయ్యమనలేదు. పొయ్యి వల్ల దోషమే లేదనీ అనలేదు. దోషం ఉంది, రోజూ ఆ బాకీ తీర్చుకుంటూ బతకమంది. పంచమహాయజ్ఞాలను విధించింది అందుకే.

ఇవాళ్టి ఇంటికి ఆరో సూన ఒకటి చేరింది. అది వాకిట్లో నిలబెట్టిన కారు. పెట్రోలు కారు అమ్మేసి విద్యుత్ కారు కొని, ఆకుపచ్చ నంబర్ ప్లేటు తగిలిస్తే ఆ సూన మూతపడినట్టేనా?

ముందు కారు పక్షాన చెప్పవలసింది చెప్పాలి. అదేమీ చిన్న సంగతి కాదు. పెట్రోలు ఇంజను తాగిన ఇంధనంలో అధిక భాగం వేడిగా మారి రేడియేటరు నుంచీ పొగగొట్టం నుంచీ గాలిలో కలిసిపోతుంది. చక్రాలదాకా వచ్చేది 12 నుంచి 30 శాతం. విద్యుత్ కారు మాత్రం గ్రిడ్ నుంచి తీసుకున్న దాంట్లో 75 శాతానికి పైగా చక్రాలకు అందిస్తుంది. వేగం తగ్గించినప్పుడు మోటారే జనరేటరుగా మారి కొంత శక్తిని వెనక్కి తెస్తుంది. 2022 బ్రహ్మోత్సవాల నాటినుంచి తిరుమల ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ విద్యుత్ బస్సులు నడుస్తున్నాయి. కొండ ఎక్కడానికి ఖర్చయినదాంట్లో కొంత, దిగేటప్పుడు మళ్లీ బ్యాటరీలోకి చేరుతుంది. అదే దారిలో దిగే డీజిల్ బస్సులో ఆ శక్తి వేడై వృథాగా పోతుంది.

మరి ఆ కరెంటు ఎక్కడిది? మన దేశంలో కరెంటులో అధిక భాగం ఇప్పటికీ బొగ్గుదే. గ్రిడ్ నుంచి వచ్చే ఒక్కో యూనిట్ వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. 100 కిలోమీటర్లకు 15 యూనిట్లు తీసుకునే కారు లెక్క పదిన్నర కిలోలు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారు అదే దూరానికి పొగగొట్టం నుంచే 15 కిలోలు వదులుతుంది. బ్యాటరీ తయారీ, ఇంధన శుద్ధి అన్నీ కలిపి ఐసీసీటీ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ 2021లో లెక్క కట్టింది. పెట్రోలు కారుతో పోలిస్తే జీవితకాలం మొత్తం మీద ఆదా యూరప్‌లో 66 నుంచి 69 శాతం, భారతదేశంలో 19 నుంచి 34 శాతం. ఒకే రకం యంత్రం, రెండు చోట్ల రెండు ఫలితాలు.

అంటే దోషం తగ్గింది, పోలేదు. పైగా చోటు మారింది. హైదరాబాద్ వీధిలో తగ్గిన పొగ రామగుండం బొగ్గు విద్యుత్ కేంద్రం చిమ్నీలో లేస్తుంది, విశాఖ వీధిలోది పరవాడ సింహాద్రి కేంద్రంలో. అక్కడి బూడిద చెరువుల పక్కన బతికేవాళ్లలో చాలామందికి ఆ కారు ఎక్కే అవకాశం రాదు.

దూరాన జరిగిన హింస ఎవరిది అనే ప్రశ్నకు మన దర్శనాలు ఏనాడో జవాబు వెతికాయి. పతంజలి యోగసూత్రాలు హింసను మూడు రకాలుగా చూశాయి: తాను చేసింది, ఇతరులతో చేయించింది, చేస్తుంటే ఒప్పుకున్నది. మూడింటి ఫలమూ దుఃఖమే. జైనులు ఇంకా గట్టిగా పట్టుకున్నారు. 12వ శతాబ్దపు హేమచంద్రుడి యోగశాస్త్రం శ్రావకులు, అంటే జైన గృహస్థులు, మానుకోవలసిన 15 వృత్తులు చెబుతూ బొగ్గులు కాల్చడాన్నీ భూమిని తవ్వడాన్నీ వాటిలో చేర్చింది. నేటి విద్యుత్ కారు వెనక ఆ రెండూ ఉన్నాయి.

తవ్వకం సంగతే చూడండి. చాలా రకాల బ్యాటరీల్లో వాడే కోబాల్ట్‌లో అధిక భాగం కాంగో నుంచి వస్తుంది. అక్కడ చేతులతో తవ్వే గనుల్లో పిల్లలు పనిచేస్తున్నారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2016లో బయటపెట్టింది. మీట నొక్కి కారు నడిపేవాడు ఆ పిల్లవాణ్ని గనిలోకి పంపలేదు. కానీ పతంజలి చెప్పిన మూడింటిలో చివరి రెండూ అతన్ని అడుగుతూనే ఉంటాయి. ఇక్కడ ఒక మంచి మాట ఉంది. ఇనుము, ఫాస్ఫేటు వాడే బ్యాటరీల్లో కోబాల్ట్ ఉండదు, మన దేశంలో అమ్ముతున్న చాలా కార్లలో ఇప్పుడు అవే వస్తున్నాయి. కొనేవాడు షోరూములో రంగు కంటే ముందు ఈ సంగతి అడగాలి.

కారు పరిమాణం దగ్గరకొస్తే అపరిగ్రహం, అంటే అవసరానికి మించి పోగుచేసుకోకపోవడం, గుర్తొస్తుంది. అమెరికాలో జీఎంసీ అమ్మిన విద్యుత్ హమ్మర్ బరువు నాలుగు టన్నులకు పైనే. దాని బ్యాటరీ ఒక్కటే 1,300 కిలోలు, అంటే మన మారుతి స్విఫ్ట్ మొత్తం బరువు కంటే ఎక్కువ. ఒక మనిషిని పాలపాకెట్టు కోసం వీధి చివరిదాకా తీసుకెళ్లడానికి అంత బరువు కదలాలా? యంత్రం పొదుపుగా పనిచేసేకొద్దీ మొత్తం వాడకం పెరగవచ్చని ఇంగ్లండులో జెవాన్స్ 1865లోనే బొగ్గు మీద రాసిన పుస్తకంలో హెచ్చరించాడు. కిలోమీటరుకు రూపాయి, రెండు రూపాయలే కదా అని అక్కర్లేని ప్రయాణాలు పెంచుకుంటే ఆదా అయినదంతా వాటికే పోతుంది. కోరికకు హద్దు గీయడం మోటారు పని కాదు.

అందుకే ఈ ఆరో సూనకూ నిత్య బాకీ ఒకటి ఉండాలి. చిన్న కారు చాలినచోట పెద్దది వద్దనుకోవడం, బస్సు ఉన్న దారిలో కారు తీయకపోవడం అందులోవే. అన్నిటికంటే సులువైనది ఛార్జింగు వేళ మార్చుకోవడం. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ప్లగ్ పెడితే ఆ వేళకు సూర్యుడు అస్తమించి ఉంటాడు, గ్రిడ్ బరువు ఎక్కువగా బొగ్గు మీదికి వస్తుంది. మధ్యాహ్నం పెడితే సౌర విద్యుత్తు వాటా ఎక్కువ. ఇది ఒక్క గృహస్థు సంకల్పంతో తేలేది కాదు. కారు పగలంతా ఉండేది ఆఫీసు పార్కింగులో. అక్కడ సాకెట్టు లేకపోతే అతను రాత్రికి ఇంటిదగ్గరే పెట్టుకోవాలి. కంపెనీలూ కాలేజీలూ ఆసుపత్రులూ తమ పార్కింగు షెడ్ల మీద సౌరఫలకాలు వేసి, కింద సాకెట్లు పెట్టాలి. అపార్ట్‌మెంటు సంఘాలు కూడా సెల్లార్లో ఛార్జింగు పాయింట్ అడిగినవాళ్లను నెలల తరబడి తిప్పకుండా, వచ్చే సర్వసభ్య సమావేశంలోనే ఆ పాయింట్ల ఖర్చునూ పైకప్పు సౌరఫలకాల ఖర్చునూ అజెండాలో చేర్చాలి.