ఆజ్ఞకూ అంతరాత్మకూ మధ్య సిపాయి

పటాలంలో ఇరవైరెండేళ్ళు పనిచేసి, రాయవేలూరు దగ్గరి మా ఊరికి తిరిగి వచ్చినవాణ్ణి నేను. మా ప్రాంతంలో సైన్యానికి కొడుకుని పంపని వీధి అరుదు. తమిళం మాట్లాడే ఇల్లయినా, మాలాగా ఇంట్లో తెలుగు మాట్లాడుకునే ఇల్లయినా ఇందులో తేడా లేదు. అందుచేత సైన్యంలో చేరబోయే కుర్రవాళ్ళు సలహా కోసం నా దగ్గరికి వస్తుంటారు. పరుగు గురించి, ఛాతీ కొలత గురించి, జీతం గురించి అడిగాక, కొందరు కొంచెం తటపటాయించి ఇంకో ప్రశ్న వేస్తారు: "పైఅధికారి తప్పు పని చెయ్యమంటే ఏం చెయ్యాలి మామా?" ఒక్క మాటలో చెప్పగల జవాబు నా దగ్గర లేదు. కాని ఆలోచించవలసిన దారి ఒకటి ఉందనుకుంటాను. దాన్ని పాఠకుల ముందు పెడుతున్నాను.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 1950 నాటి సైనిక చట్టంలో 41వ సెక్షను ఆజ్ఞను ధిక్కరించినవాడికి పద్నాలుగేళ్ళ దాకా జైలుశిక్ష చెబుతుంది. కాని ఆ సెక్షనులో ఆజ్ఞ అన్న మాటకు ముందు "చట్టబద్ధమైన" అన్న విశేషణం ఉంది. 1860 నాటి శిక్షాస్మృతి 76వ సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణా సిపాయిదే. చట్టానికి లోబడి, పైఅధికారి ఆజ్ఞ మీద గుంపుపై కాల్పులు జరిపిన సిపాయి నేరం చేసినట్టు కాదు అంటుంది. 2024 జూలైలో అమలులోకి వచ్చిన న్యాయ సంహితలోనూ ఆ ఉదాహరణ నిలిచింది. అంటే సిపాయి తన బుద్ధిని ఇంటి దగ్గర వదిలి రావాలని చట్టం ఎక్కడా అనలేదు. చిక్కు వేరేచోట ఉంది. ఆజ్ఞ చట్టబద్ధమా కాదా అని తేల్చే న్యాయస్థానం నెలల తర్వాత కూర్చుంటుంది. సిపాయికి దొరికే వ్యవధి రెండు మూడు క్షణాలు.

ఆ క్షణాల్లో నిలబడ్డ మనిషిగా నాకు చంద్రసింగ్ గఢ్వాలీ గుర్తుకు వస్తాడు. ఆయన రాయల్ గఢ్వాల్ రైఫిల్స్‌లో హవల్దార్ మేజరు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులోను, మెసొపొటేమియాలోను పోరాడినవాడు. 1930 ఏప్రిల్ 23న పెషావరులోని కిస్సాఖానీ బజారులో, చేతిలో ఆయుధం లేని జనం మీద కాల్చమని దొర ఆజ్ఞ ఇచ్చాడు. కాల్చవలసినవాళ్ళు హిందువులు. ఎదుట ఉన్నవాళ్ళు పఠాన్ ముస్లింలు. ఆ తేడా చాలునని పైవాళ్ళు అనుకొని ఉంటారు. చంద్రసింగ్ తన మనుషులను కాల్చవద్దని కేక వేశాడు. తుపాకులు దిగాయి. ఆనాడు వేరే దళాలు జరిపిన కాల్పుల్లో ఎందరో చనిపోయారు గాని, ఆ పాపంలో గఢ్వాలీలకు వాటా లేదు. ఆయన పారిపోలేదు. సైనిక న్యాయస్థానం యావజ్జీవ శిక్ష వేసింది. ఆస్తి జప్తు చేశారు. 1941లో గాని విడుదల కాలేదు.

ఇంతవరకు కథ సులువు. వీరుడని దండ వేసి ఊరుకోవచ్చు. అలా ఊరుకోనివ్వనిది సాక్షాత్తు గాంధీజీ అభిప్రాయం. 1932లో ఒక ఫ్రెంచి పత్రికలో అచ్చయిన సంభాషణలో ఆయన ఈ పనిని సమర్థించలేదు. కాల్చనన్న సిపాయి తాను చేసిన ప్రమాణం తప్పాడని, రేపు మనం అధికారంలోకి వస్తే ఇదే సైనికులతో పనిచేయించుకోవాలి కనుక వారికి ధిక్కారం నేర్పలేనని ఆయన అభిప్రాయం. 1931 గాంధీ–ఇర్విన్ ఒడంబడికలో ఖైదీల విడుదల ఏర్పాటు కూడా, ఆజ్ఞ మీరి శిక్షపడ్డ సైనికులకు, పోలీసులకు వర్తించలేదు.

అహింసను బోధించిన మహాత్ముడు ఇలా అన్నాడేమని కోపగించుకునే ముందు ఆయన భయాన్ని అర్థం చేసుకోవాలి. ఏ ఆజ్ఞ వినాలో, ఏది వినకూడదో తుపాకీ పట్టినవాడే నిర్ణయించుకుంటే, ఒకనాడు రాజ్యం ఎవరిదో కూడా అతడే నిర్ణయిస్తాడు. మన ఇరుగుపొరుగు దేశాల్లో సైన్యం గద్దెనెక్కిన చరిత్ర మనకు తెలుసు. కనుక ఆ భయం ఉత్తదని నేను అనను.

అయినా గాంధీజీ ఇక్కడ రెండు వేరు పనులను ఒకే తూకాన వేశారని నాకు తోస్తుంది. తుపాకీ దించడం ఒకటి, తుపాకీ తిప్పడం ఒకటి. దించినవాడు "ఈ పని నా చేత కాదు, శిక్ష వేయండి" అంటున్నాడు. చట్టానికి తన ఒళ్ళు అప్పగిస్తున్నాడు. తిప్పినవాడు తన ఇష్టాన్ని ఇతరుల మీద రుద్దుతున్నాడు. గద్దెనెక్కిన సేనాపతులంతా రెండో జాతివారు. చంద్రసింగ్ మొదటివాడు.

ఈ తేడా మా వేలూరు కోటలో రెండు నెలల వ్యవధిలో కనబడింది. 1806 మే నెలలో, కొత్త తలపాగా తమ ఆచారానికి విరుద్ధమని కొందరు సిపాయిలు పెట్టుకోమన్నారు. తుపాకీ ఎత్తలేదు. ఇరవైఒక్కరిని మద్రాసుకు పంపి విచారించారు. ఇద్దరికి తొమ్మిదేసి వందల కొరడా దెబ్బలు పడ్డాయి. తక్కినవారిని క్షమాపణ చెప్పించుకొని వదిలారు. మనవి వినే చెవి లేదని కోటలో అందరికీ అర్థమైంది. జూలై 10 తెల్లవారకముందే తుపాకులు తిరిగాయి. నిద్రలో ఉన్న తెల్ల సిపాయిలు, ఆసుపత్రిలో పడుకున్న రోగులు కూడా చచ్చారు. ఆర్కాటు నుంచి గిల్లెస్పీ దండు వచ్చి వందల సిపాయిలను చంపింది. ఆనాటి మద్రాసు సైన్యంలో తమిళులతో పాటు తెలుగువారూ ఎందరో ఉండేవారు గనుక ఇది మన ఇంటి చరిత్ర కూడా. తలపాగా ఆజ్ఞను తర్వాత రద్దు చేశారు. మేలోనే చేసి ఉంటే ఆ ప్రాణాలన్నీ మిగిలేవి.

అంటే బాధ్యత సిపాయి ఒక్కడిది కాదు. దించిన తుపాకీని గౌరవించని సైన్యం తిప్పిన తుపాకీని కొనితెచ్చుకుంటుంది. నేడు ఫిర్యాదు చేసుకోవడానికి సైనిక చట్టంలో 26, 27 సెక్షన్లు ఉన్నాయి. 2009 నుంచి సాయుధ దళాల ట్రిబ్యునలు పనిచేస్తోంది. చెన్నైలో దాని బెంచి ఉంది. 1806లో సిపాయికి ఇవేవీ లేవు.

ఇక కుర్రవాళ్ళకు నేను చెప్పేది చిన్న విషయం. కిస్సాఖానీ బజారు వంటి రోజు నూటికి తొంభైతొమ్మిది మందికి రాదు. వచ్చేవి చిన్న పరీక్షలే. నేను స్టోరులో ఉండగా, ఒకసారి నూట ఇరవై కంబళ్ళు ముట్టినట్టు సంతకం చెయ్యమన్నారు. లెక్కపెడితే నూట నాలుగు. నూట నాలుగని రాసి సంతకం పెట్టాను. ఎవరితోనూ గొడవపడలేదు. ఆ సంవత్సరం రావలసిన ప్రమోషను రాలేదు, చలిలో దూరపు పోస్టుకు బదిలీ మాత్రం వచ్చింది. మా ఆవిడ రెండేళ్ళు పిల్లలతో ఒంటరిగా వేగింది. ఆ ఖరీదు నాకంటే ఆమె ఎక్కువ కట్టింది. ఈ సంగతి కూడా దాచకుండా చెబుతాను. న్యాయం కోసం నిలబడితే దెబ్బ ఇంటిల్లిపాదికీ తగులుతుంది.

కంబళ్ళ లెక్క దగ్గర తలవంచడం అలవాటైనవాడు, మనుషుల ప్రాణాల దగ్గర ఒక్కసారిగా తలెత్తుతాడని నేను నమ్మను. ఆ రెండు మూడు క్షణాల్లో ఆలోచన పనిచేయదు. అన్నాళ్ళూ చేసిన అలవాటే పనిచేస్తుంది. కవాతు లాగే అంతరాత్మకూ రోజూ సాధన ఉండాలి. అందుకే వచ్చిన కుర్రవాళ్ళతో చివరికి ఇంతే అంటాను: ఆజ్ఞ విను, న్యాయమైనంతవరకు ప్రాణం పెట్టి విను. వినలేని రోజు వస్తే, నలుగురి ఎదుట చెప్పు, తుపాకీ దించు, శిక్షకు సిద్ధపడు. ఆ మూడింటిలో ఏ ఒక్కటి చెయ్యలేకపోయినా అది ధర్మం కోసం నిలబడటం అనిపించుకోదు.