అలవాటు పడటమంటే

రొళ్ల వైపు కరువు మాట ఎత్తితే, 'మాకిది మామూలేలే' అనేవాళ్లుంటారు. అది ఓర్పా, ఓటమా?

మన పేగుల్లో ఉండే ఇ.కొలై బ్యాక్టీరియా కూడా అలవాటు పడుతుంది. దాని పొరలో టార్ అనే రిసెప్టర్ ప్రోటీన్ ఉంది. ఒకేలాంటి రెండు గొలుసుల జంట అది. 1991లో సాల్మొనెల్లాలోని ఇదే రిసెప్టర్ బయటి భాగం నిర్మాణం తెలిసింది. రెండు గొలుసుల సందులో ఆస్పార్టేట్ అణువు ఇరుక్కుంటుంది. దాంతో ఒక హెలిక్స్ లోపలికి జారుతుంది, మిల్లీమీటరులో కోటో వంతో రెండో. అంతే చాలు. లోపలి కైనేజ్ ఎంజైము నెమ్మదిస్తుంది, బ్యాక్టీరియా పల్టీలు తగ్గించి మేత వైపు సాగుతుంది.

ఆస్పార్టేట్ అలాగే ఉండిపోతే? రిసెప్టర్ లోపలి భాగానికి మిథైల్ గ్రూపులు అతుక్కుంటాయి, కైనేజ్ పాత వేగానికొస్తుంది. అలవాటైపోయింది. కానీ మొద్దుబారలేదు. ఆ మిథైల్ గుర్తులే దాని జ్ఞాపకం, 'ఇందాక ఎంత ఉండింది' అనే లెక్క. ఆ లెక్క ఉంది కాబట్టే తర్వాతి చిన్న తేడాని కూడా పసిగడుతుంది.

బోరు ఇంకో వంద అడుగులు దిగినప్పుడు, ఇంకో ఇంటికి తాళం పడినప్పుడు ఉలిక్కిపడే మనిషి అనే 'మామూలేలే' బతకడానికి నేర్చుకున్న నేర్పే. దాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు.

మరి బెంగళూరులోనో హైదరాబాదులోనో కూర్చుని, ఫోన్‌లో ఆ వార్తని పైకి తోసేసే మన అలవాటు? అణువు మనల్ని తాకనే లేదు. ఏ లెక్కా దాచుకోలేదు. తేడా వస్తే మనకెలా తెలుస్తుంది?